కొత్త డాక్‌లో విన్న పిలుపు

ఇది రాసిపెట్టక తప్పదని మొన్న నాగలమడిక బస్సులో అనిపించింది. పక్క సీటాయన నా కథను నాకే చెప్పాడు. మా ఊరు బలసముద్రంలో ఎవరో పాట పెడితే, చనిపోయిన భజన గురువు స్పీకరులోంచి దిగివచ్చి, పక్షవాతం మనిషిని చెయ్యి పట్టుకుని నడిపించాడట! ఇంకో ఆరు నెలలైతే ఆ గురువు మా ఇంట్లో రాగిముద్ద కూడా తిని వెళ్లాడంటారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు దయ్యాల మీద ఎప్పుడూ నమ్మకం లేదు. బడి చదువు పదో తరగతితో ఆగినా, పావగడ లైబ్రరీలో సైన్సు బీరువా మొత్తం చదివాను. ఇంగ్లీషు పుస్తకాలైతే డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. వారంలో ఆరు రోజులు సోలార్ పార్కులో ప్యానెళ్లు కడుగుతాను. ఆదివారం పాటలు వింటాను.

డాక్ అంటే ఏమిటో కూడా ఆ బీరువా దగ్గరే తెలిసింది. కంప్యూటర్లో పాట అంకెలుగా ఉంటుంది. ఆ అంకెలను మళ్లీ కరెంటు అలలుగా మార్చి ఆంప్లిఫయరుకు అందించే పరికరమే డాక్. ప్రతి ఫోనులోనూ చిన్నది ఒకటి ఉంటుంది. విడిగా మంచిది పెడితే తేడా తెలుస్తుందని చదివి, ఒకటి తెప్పించుకున్నాను.

నేను ఉండేది మా అక్క లక్ష్మక్క, బావ హనుమంతప్ప ఇంట్లో. బావ చెక్కభజనలో పేరున్న మనిషి. డాక్ తెప్పించే నాటికి ఎనిమిది నెలల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలు తిరిగి స్వాధీనమైంది కానీ మాట రాలేదు. రోజూ పలకడం సాధన చేయాలని, లేకపోతే ఉన్న అవకాశమూ పోతుందని తుమకూరులో డాక్టరు చెప్పారు. మొదటి రోజు బావ నోట ఏదో వంకర శబ్దం వచ్చింది. ఆ సిగ్గుతో ఆయన మళ్లీ నోరు తెరవలేదు. పగలంతా అరుగు మీద కూర్చుని ప్యానెళ్ల వైపు చూసేవాడు. మా అక్క మాత్రం ఆయన పక్కనే కూర్చుని అన్నీ మాట్లాడేది, జవాబు వస్తుందన్నట్టు మధ్యలో ఆగేది. అది చూడలేకపోయేవాణ్ణి.

పార్సిల్ విప్పింది ఒక ఆదివారం ఉదయం. పెట్టె నా అరచేతిలో పట్టింది.

"ఏందిరా ఇది? సున్నుండల డబ్బీలో సగం కూడా లేదు," అంది అక్క.

"ఇది అంకెల్ని పాట చేస్తాదక్కా."

"పాటను అంకెలు చేసిందెవరు? మీరే కదప్పా! చెడగొట్టేదీ మీరే, బాగుచేసేదీ మీరే," అని రొట్టెల పిండి కలపడానికి వంటింట్లోకి పోయింది.

ల్యాప్‌టాప్ నుంచి డాక్‌కు, డాక్ నుంచి పాత ఆంప్లిఫయరుకు తీగలు కలిపాను. ముందుగా నాకు కంఠతా వచ్చిన ఒక సినిమా పాట పెట్టాను. వెనక ఎప్పుడూ ఉండే బుస్సుమనే రొద లేదు. వీణ ఎడమ పక్క, తబలా కాస్త వెనక, పాడే మనిషి సరిగ్గా నా ఎదుట. గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. పుస్తకంలో చదివింది నిజమైతే కలిగే ఆనందం ఎంతటిదో, చదివేవాళ్లకే తెలుస్తుంది!

తర్వాత, బావకు చెక్కభజన నేర్పిన చిక్కన్న గురువు భజన పెట్టాను. గురువు పోయి ఆరేళ్లు. పాత క్యాసెట్టు మీద ఉన్న ఆ భజనను పావగడలో స్టూడియో నడిపే రామాంజి కంప్యూటర్లోకి ఎక్కించి ఇచ్చాడు. ఫోనులో అదంతా ఒకటే గోల. ఇప్పుడు ఏ చెక్క ఎవరి చేతిలో ఉందో చెప్పగలిగేంత తేటగా ఉంది. బావ మెల్లగా గోడ పట్టుకుని లోపలికి వచ్చి నిలబడ్డాడు.

మా వైపు చెక్కభజనలో ఒక పద్ధతి ఉంది. గురువు ఒక చరణం పాడి వదిలితే, తర్వాతి చరణం ఫలానా శిష్యుడు అందుకోవాలి. అతను మరిచిపోతే గురువు పాట ముందుకు పోనివ్వడు. అందుకునేదాకా ఉత్త చెక్కలే మోగుతుంటాయి.

"ఏటి ఒడ్డు చేరినాడు, ఎండ తగిలి అలసినాడు" అని గురువు పాడి వదిలాడు. ఆ క్యాసెట్టులో అక్కడ అందుకోవాల్సింది బావ గొంతు. ఎవరూ అందుకోలేదు. చెక్కలు మోగుతూనే ఉన్నాయి. తీగ వదులైందేమోనని డాక్ మీదికి వంగాను.

"హనుమంతూ, అందుకోప్పా!" అన్నాడు చిక్కన్న గురువు.

వెనక నుంచి బొంగురుగా, తడబడకుండా బావ గొంతు లేచింది:

"నీడ చూపరో అన్నా, నీళ్లు తేరో తమ్ముడా..."

వెంటనే స్పీకర్లలో భజన బృందమంతా కలిసింది. అక్క పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"గురువు పిలిచినాడు కదరా? 'అందుకోప్పా' అన్నాడు కదా?"

ఆ మాట నేను ఇంకా ఆమెకు చెప్పలేదు.

బావ ఆ చరణం మూడుసార్లు పాడాడు. ఆపి, ఏడుస్తూ నవ్వుతూ, "ల...చ్చీ" అన్నాడు. పెళ్లయిన కొత్తలో పిలిచిన పేరట. అక్క ఆయన చొక్కా నిండా పిండి పూసేసింది.

బావ పాడటానికి కారణం చెప్పగలను. మాట పోయినవాళ్లకు పాట మిగలవచ్చని, పాటకు మెదడులో దారి వేరని చదివాను. డాక్టరూ అదే అన్నారు, ఇక పాటతోనే సాధన చేయించమన్నారు.

గురువు పిలుపుకు మాత్రం కారణం చెప్పలేను. ఆ మధ్యాహ్నమే అదే ఫైలును అవే తీగలతో మళ్లీ విన్నాను. గురువు చరణం వదలగానే, రెప్పపాటు కూడా ఆగకుండా, వయసులో ఉన్న బావ గొంతు అందుకుంటుంది. మధ్యలో ఖాళీ లేదు, పిలుపు లేదు. డాక్ తీసి విన్నాను, పెట్టి విన్నాను. రామాంజి అసలు క్యాసెట్టు మళ్లీ వేశాడు. ఎందులోనూ లేదు. నేను పొరబడ్డానంటే ఒప్పుకుంటాను. ముగ్గురం ఒకే మాటను పొరబడి ఎలా వింటాం? ఇప్పటికీ తెలియదు.

తెలిసింది ఒకటే. ఇప్పుడు మా ఇంట్లో పొద్దున్నే భజన మొదలవుతుంది. బావ నీళ్లు పాడి అడుగుతాడు, ఉప్పు తక్కువైతే రాగం తీసి తిడతాడు. మామూలు మాటలు కూడా ఒక్కొక్కటే తిరిగి వస్తున్నాయి.

రాసినదంతా ఆయనకు చదివి వినిపించాను. కృతజ్ఞతల్లో డాక్టరుగారి పేరు ముందు పెట్టానని తల అడ్డంగా ఊపాడు.

"గురువు... ముందర. అందిచ్చినోడు... ఆయన కదప్పా."

అందువల్ల ముందుగా చిక్కన్న గురువుగారికి నమస్కారం. తర్వాత డాక్టరు సుజాతమ్మగారికి, క్యాసెట్టు కాపాడిన రామాంజికి, గడువు దాటినా పుస్తకాలు నా దగ్గరే ఉండనిచ్చిన లైబ్రరీ సరస్వతి మేడంగారికి, ఎనిమిది నెలలూ జవాబు కోసం ఆగుతూనే మాట్లాడిన మా లక్ష్మక్కకు, అందుకున్న మా హనుమంతప్ప బావకు.