పటమట మేడ మీద అనంతపురం వడియాలు

ఏప్రిల్ రెండో ఆదివారం, ఉదయం ఆరుంబావుకి మా వియ్యపురాలు పటమటలోని మా మేడ మీద, తడిపి పరిచిన పంచె మీద మొదటి గుమ్మడి వడియం పెట్టింది. మళ్ళీ ఆదివారం మా మనవరాలి సారె అత్తవారింటికి వెళ్ళాలి. అందులో రెండు డబ్బాల వడియాలు అమ్మమ్మ చేతివే కావాలని పిల్ల పట్టుబట్టింది. అందుకే ఆవిడ అనంతపురం నుంచి వచ్చింది.

ఒక మే నెలంతా నేను వాళ్ళింట్లో ఉన్నాను. ఎండ మాకన్నా తక్కువేమీ కాదు. కానీ చెమట ఒంటిని అంటుకోదు. ఆరేసిన చీర, రెండోది పిండేలోపు గలగలలాడుతుంది. చీకటి పడితే మేడ మీద ఫ్యాను లేకుండా నిద్ర పడుతుంది. మాకు రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెట్టలేం. ఆ పొడి గాలంటే నాకు ఇప్పటికీ ఇష్టం.

ఆ గాలి అలవాటుతోనే ఆవిడ సోమవారం సాయంత్రానికి వడియాలు వొలిచేసింది. పైన గట్టిగానే ఉన్నాయి. నేను ఒకటి విరిచి చూపించాను.

"ఇంకో రెండ్రోజులు ఎండాలండి వదినగారూ. లోపల మెత్తగా ఉంది."

"మా ఊర్లో ఈ పాటికి తినేసుంటారు వదినా" అని నవ్వి డబ్బాలకెత్తింది.

బుధవారం పొద్దున మూత తీస్తే వాసన. వడియాల మీద తెల్లని నూగు. ఆవిడ మొహం చిన్నబోయింది. పిల్లకేం చెప్పాలని ఒకసారి అడిగింది. కాసేపటికి లేచి గుప్పెడు కళ్ళుప్పు పళ్ళెంలో పోసి పిట్టగోడ మీద పెట్టింది. మధ్యాహ్నం పడమటి గాలికి, పళ్ళెం వంచితే ఉప్పు విడివిడిగా రాలింది. అయిదింటికి పళ్ళేనికి అంటుకుపోయింది.

"మీ ఎండను అనేదానికి లేదు వదినా. సాయంత్రం సముద్రం మీంచి వచ్చే గాలి మళ్ళీ తడుపుతాంది" అంది.

నలభై ఏళ్ళుగా ఈ మేడ మీద వడియాలు పెడుతున్నాను. నాలుగు రోజులు పడుతుందని తెలుసు గానీ, ఎందుకు పడుతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆ రాత్రే ఇంట్లో మిగిలిన ఒక్క గుమ్మడికాయ తరిగి ఉప్పు వేసి మూటగట్టింది. గురువారం ఉసిరికాయంత వడియాలే పెట్టింది. రోజూ నాలుగింటికల్లా పంచెతో సహా కిందికి దించి, తలుపులు వేసి ఫ్యాను కింద పరిచింది. శనివారం మధ్యాహ్నం నేను ఒకటి విరిచాను. టక్కుమంది. ఆవిడ మాత్రం ఇంకో మూడు విరిచి చూసుకున్నాకే డబ్బా మూత పెట్టింది.

సారెలో రెండు డబ్బాలకి ఒక్కటే వెళ్ళింది. పోయినవి: రెండు బూడిద గుమ్మడికాయలు, కిలో పొట్టు మినప్పప్పు, పావుకిలో పచ్చిమిర్చి, మరక వదలని ఒక పాత పంచె.