నాయనమ్మ పెట్టని శాపం

నా చిన్నప్పుడు మా నాయనమ్మకు రోజూ సాయంత్రం బైబిలు వాక్యం చదివి వినిపించే పని నాది. ఆమెకు అక్షరం రాదు. నలభై ఏళ్లు చర్చిలో చాప మీద కూర్చుని విన్నదే ఆమె చదువు. ఊపిరి పోయే దాకా మనవడే చదివి వినిపించాడని ఆర్మూర్‌లో మా సంఘం పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో సగమే నిజం. మిగతా సగం నాకొక్కడికే తెలుసు కాబట్టి నేనే రాయాలి.

అవి ఎనభైల చివరి ఏళ్లు. నాకు పదకొండేళ్లు. నాయనమ్మ పసుపు మార్కెట్‌లో రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణం ముందు కూలి చేసేది. రైతులు తెచ్చిన కుప్పలోంచి పొడుగాటి కొమ్ములు ఒక పక్కకు, గుండ్రటి మండలు ఒక పక్కకు ఏరి, చాటతో దుమ్ము చెరగాలి. బడి లేని ఒక మధ్యాహ్నం నేను అన్నం గిన్నె తీసుకుని వెళ్లేసరికి, దుకాణం గుమస్తా ఆమెను కుప్ప ముందు నిలబెట్టి ఉన్నాడు.

“కొంగు ఇప్పు ముసల్దానా. ఐతారం చర్చిల పాటలు, సోమారం కొంగుల పసుపా?”

హమాలీలు పెద్దగా నవ్వారు. నాయనమ్మ ముడి విప్పి కొంగు దులిపింది. రెండు తమలపాకులు, ఒక వక్క ముక్క కింద పడ్డాయి. అంతే. గుమస్తా వాటిని చెప్పు కాలితో నెట్టి, “పో, పని జూస్కో” అని లోపలికి వెళ్లిపోయాడు. నాయనమ్మ వంగి ఆకులు ఏరుకుని, తుడుచుకుని, మళ్లీ చాట పట్టింది.

పని దిగి ఇంటికి వచ్చే దారిలో తోటి కూలి ఆడవాళ్లు, “అవ్వ ఉసురు ఊకె పోతదా? తగుల్తది సూడు వానికి” అన్నారు. ఆ మాట పట్టుకుని నేను ఇల్లు చేరాను. ఉసురంటే ఏమిటో నాకు తెలుసు. మంచివాళ్ల కడుపు మండితే, అందులోనూ పోయేముందు ఒక మాట అంటే, అది తగలకుండా పోదని మా వాడలో అందరూ నమ్మేవారు. చర్చికి వెళ్లేవాళ్లం కూడా లోపల్లోపల నమ్మేవాళ్లం.

ఆ సాయంత్రం నాయనమ్మ ప్రార్థనలో మా అందరి పేర్లూ చెప్పి, చివర గుమస్తా పేరు కలిపింది. వాడికి నెమ్మది ఇవ్వమంది. నాకు ఒళ్లు మండిపోయింది.

“వాడు సావాలని చెప్పు నాయనమ్మా.”

“గది చెప్పనీకి నా నోరే దొరికిందారా నీకు?” అని నవ్వింది.

వానలు పడ్డాక ఆమె మంచం పట్టింది. దవాఖానలో రొమ్ములో నెమ్ము చేరిందన్నారు. మందులు పని చేయలేదు. శత్రువులను ప్రేమించమనే భాగం చదవమని ఆమె రోజూ అడిగేది. నేను అది తెరవలేదు. శత్రువుల పళ్లు విరగగొట్టమనీ, వాళ్ల ఇళ్లు పాడుబడాలనీ మొరపెట్టే కీర్తనలు వెతికి పెట్టుకున్నాను. వాటినే ఒత్తి ఒత్తి చదివేవాణ్ని. చదువుతుంటే నాకు హాయిగా ఉండేది. రోజూ చెవిలో పడితే ఆమె మనసు విరుగుతుందని, పోయేలోపు వాడి మీద ఒక్క మాట అంటుందని నా ఆశ. ఆమె నుంచి నాకు కావలసింది అదొక్కటే. ఆమె బతకడం కూడా కాదు.

ఒకరోజు కళ్లు మూసుకునే అంది. “నేనడిగింది గిది కాదు బిడ్డా. గది నాకు నోటికొచ్చు.”

నేను పుస్తకం మీంచి తల ఎత్తాను.

“మరి ఎందుకు ఊకున్నవ్?”

“వద్దంటే పుస్తకం మూసి బయటికి పోతవ్. కోపముంటే నా పక్కన కూసోనే కోప్పడు. సదువు, నేను వింట.”

సిగ్గేసింది. అయినా మర్నాడు మళ్లీ ఆ కీర్తనలే చదివాను.

చివరి రోజు పొద్దున మా నాన్న డాక్టర్‌ కోసం పరిగెత్తాడు. ఆమె దగ్గర నేనొక్కణ్నే ఉన్నాను. ఆమె రెండు చేతులూ కలిపింది. పేర్లు చెప్పబోతోందని తెలిసింది. కానీ ఊపిరి ఒక్క పేరుకే సరిపోయేటట్టుంది. నా పేరు అనుకుని ముఖం దగ్గరగా పెట్టాను. ఆమె గుమస్తా పేరు చెప్పింది. అంతే, పోయింది.

సమాధుల తోటలో మట్టి వేస్తుంటే ఆ గుమస్తా వచ్చాడు. లోపలికి రాలేదు. గోడ అవతల నిలబడి నన్ను సైగ చేసి పిలిచాడు.

“బాబూ, అవ్వ నా మీద ఏమన్న అన్నదా?”

ఆ మనిషి గొంతు వణకడం విన్నాను. అలాంటి సందు కోసమే ఎదురుచూస్తున్నట్టు చెప్పాను. “నీ పేరే అన్నది. నీ ఇల్లు నాశనం గావాలని మొక్కి సచ్చిపోయింది.”

ఆయన గోడ పట్టుకున్నాడు. నేను వెనక్కి వచ్చి, పోయేముందు నాయనమ్మ ఏమన్నదని సంఘంవాళ్లు అడిగితే, నా పేరు చెప్పి పోయిందన్నాను. వాళ్లు నన్ను దగ్గరకు తీసుకున్నారు. ఆ రోజు నేను కడుపు నిండా తిన్నాను.

ఆ తర్వాత ఇంట్లో పిల్లవాడికి జ్వరం వచ్చినా, పంట మీద పురుగు పడినా ఆయన వచ్చి నాయనమ్మ సమాధి ముందు అగరొత్తులు వెలిగించేవాడు. బడికి పోతూ చూసి లోపల నవ్వుకునేవాణ్ని. ఆ నవ్వు ఏ ఏడు ఆగిపోయిందో గుర్తు లేదు. ఆగిపోయాక కూడా చెప్పలేదు. ఆయన తన కొడుకు దగ్గర బాల్కొండలో ఉంటున్నాడని తెలుసు. బస్సెక్కితే అరగంట. ముప్పై ఏళ్లలో నాకు ఆ అరగంట దొరకలేదు. పోయిన ఏడాది ఆయన పోయాడు.

ఆయన పిల్లలు ఇది చదివితే తెలుసుకోవాలి. మీ ఇంటి మీద మా నాయనమ్మ శాపం లేదు. ఉన్నదల్లా నా అబద్ధం. నేను అన్యాయం చేసింది మీ నాన్నకొక్కడికే కాదు. నలభై ఏళ్లు నమ్మినదాన్ని ఆఖరి ఊపిరి దాకా వదలని మనిషిని, ఒకరి కళ్లలో శాపం పెట్టిన ముసలిదాన్ని చేశాను. ఆమె మీ నాన్న పేరును, మా నాన్నను పొద్దున్నే నిద్ర లేపేటప్పుడు పిలిచినంత మెల్లగా పలికింది. అది విన్న చెవులు ఈ లోకంలో నావి రెండే. ఇన్నేళ్లూ నేను మోస్తున్నది ఆ గొంతునే. ఇవాళ మీకు అప్పగిస్తున్నాను.