దాకలో పట్టిన ఇంజనాయిల్

తొంభైల్లో, పెళ్లైన కొత్తలో మావారు పాత కారొకటి కొన్నారు. ఇంజనాయిల్ కారుతుంటే, రిపేరు దండగని, కారు ఆపినప్పుడల్లా కింద గిన్నె పెట్టి, పట్టిన ఆయిల్ మళ్లీ ఇంజన్లోనే పోసేవారు.

ఓసారి ఉయ్యూరులో మా అక్కయ్యగారింటికి వెళ్లాం. మర్నాడు భోజనాల్లో అక్కయ్య మట్టిదాకలో కాచిన చేపల పులుసు వడ్డించింది. నోట్లో పెట్టుకోగానే మెకానిక్ షెడ్డు వాసన. మొహమాటానికి బావగారూ నేనూ మింగేశాం. చేపలంటే ప్రాణం పెట్టే మావారు మాత్రం, "నాకు మజ్జిగ చాలు వదినగారూ" అన్నారు.

అనుమానమొచ్చి పెరట్లోకి పిలిచి నిలదీశాను.

"గిన్నె తేవడం మర్చిపోయాం కదా. నిన్న కారు కింద ఆ దాకే పెట్టాను. సబ్బేసి కడిగానులే" అన్నారు.

కారు ఎప్పుడో అమ్మేశాం. మేం మింగుతుంటే చూస్తూ మజ్జిగన్నం జుర్రుకున్న ఆ మొహం గుర్తొచ్చి మాత్రం, ఇప్పటికీ ఎవరింట పులుసు వడ్డించినా ఆయన మొదటి ముద్ద మింగాకే నేను తింటాను.