అన్నయ్యకు నేనిచ్చిన నెమ్మది

మొన్నీమధ్య ఒంగోలులో మా కాలనీ పార్కులో, రోజూ సాయంత్రం నాతోపాటు నడిచే ఒక పెద్దమనిషి, బ్యాంకులో పనిచేసి రిటైరైనవారు, నడక మధ్యలో ఆగి ఫోను తీసి నాకొక వీడియో చూపించారు. గంజాయి నుంచి తీసిన నూనె మనసు జబ్బులకు బ్రహ్మాండంగా పనిచేస్తుందని అందులో ఎవరో తెల్లకోటు వేసుకుని చెబుతున్నాడు. ఆయన కొడుక్కి స్కిజోఫ్రీనియా ఉందని నాకు అంతవరకూ తెలియదు. మా అన్నయ్యకూ అదే జబ్బుండేదని ఆయన ఎక్కడో విన్నారట, ఇలాంటివి మీరేమన్నా వాడి చూశారా మాస్టారూ అని అడిగారు. లేదండీ అనేసి, మోకాలు నొప్పని వంక పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. రెండు రోజులు పార్కు వైపు పోలేదు. మూడో రోజు వెళ్లి, ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయనకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. నా ఈడువాళ్లలో ఇలాంటి సంగతులు కడుపులో దాచుకున్నవాళ్లు ఇంకా కొందరుండే ఉంటారు.

మాది అద్దంకి దగ్గర పల్లె. నాన్న పోయేనాటికి నేను హైస్కూల్లో ఉన్నాను. నాకంటే ఆరేళ్లు పెద్దయిన అన్నయ్య చదువు మానేసి మిరప, పొగాకు వేసి నన్ను టీచరు ట్రైనింగు దాకా చదివించాడు. తన కాళ్లకు చెప్పులు లేని ఏడాది కూడా నా హాస్టలుకు డబ్బు ఆపలేదు. పెళ్లయిన రెండేళ్లకు, పత్తి చేలో నడుస్తూ నడుస్తూ నిలబడిపోయి ఎవరూ లేనివైపు తిరిగి జవాబులు చెప్పడం మొదలుపెట్టాడు. గాలి సోకిందన్నారు, చేతబడన్నారు. గుళ్లూ దర్గాలూ తిరగడంతో ఏడాది గడిచిపోయింది. చివరికి గుంటూరులో ఒక డాక్టరుగారు జబ్బు పేరు చెప్పి మాత్రలు రాశారు.

ఆ మాత్రలు వేసే బాధ్యత వదినది. పొదిలి వైపు మెట్టపొలాల రైతు కూతురు, ఎక్కువ మాట్లాడని మనిషి. పూటకు రెండు మాత్రలు అన్నయ్య అరచేతిలో పెట్టి, నీళ్ల గ్లాసు అందించి, మింగేదాకా ఎదురుగా నిలబడేది. ఆరు నెలలకు అన్నయ్యకు చెవిలో ఎవరివో మాటలు వినిపించడం తగ్గింది. కానీ చేతులు వణికేవి, నడక కొయ్యబారింది, పెదవి చివర చొంగ కారి చొక్కా కాలరు తడిసేది. అన్నయ్య ఆ తడిని నలుగురిలో తువ్వాలుతో కప్పుకునేవాడు.

సరిగ్గా అప్పుడే నాకు చీరాల వైపు నుంచి సంబంధం వచ్చింది. తండ్రి స్థానంలో అన్నయ్య రాకుండా పెళ్లిచూపులకు వెళ్లలేం. ఆ వణుకూ ఆ చొంగా చూస్తే వాళ్లు లేచిపోతారని నాకు దిగులు పట్టుకుంది. పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ దగ్గర కాపలా ఉండే ముసలాయన గంజాయి తాగేవాడు. ఆయన పక్కన కూర్చుని రెండు దమ్ములు లాగినప్పుడు అన్నయ్య నవ్వడం, ఇంటికొచ్చి కడుపునిండా తినడం, పొద్దుటిదాకా కదలకుండా నిద్రపోవడం నేను చూసి ఉన్నాను. మాత్రల వల్ల మనిషి కొయ్యవుతున్నాడు, దీనివల్ల మనిషిలా ఉన్నాడు కదా అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. పెళ్లిచూపులకు పది రోజుల ముందు నుంచి, వదిన ఇచ్చిన మాత్రలు నాలుక కింద దాచుకుని దొడ్లో ఉమ్మేయమని అన్నయ్యకు నేర్పింది నేను. నోట్సు కాగితంలో గంజాయి పొట్లం కట్టి తెచ్చి ఇచ్చిందీ నేనే.

ఆ రోజు అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాఫీ కప్పు తొణక్కుండా పట్టుకుని, మిరప ధరల గురించి, వానల గురించి ఎంతో పొందికగా మాట్లాడాడు. ఆడపిల్ల తండ్రి నాకంటే అతన్నే ఎక్కువ మెచ్చుకున్నాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న అన్నయ్య నా మోకాలి మీద చెయ్యేసి, "ఒరేయ్, ఇవాళ నేను బాగానే ఉన్నాను గదరా?" అని అడిగాడు. నాకు ఆ క్షణాన గర్వంగా అనిపించింది. ఆ గర్వం తలచుకుంటే ఇప్పటికీ తల ఎత్తుకోలేను.

ముహూర్తం నెలన్నరకు పెట్టుకున్నారు. అప్పటిదాకా ఇలాగే నెట్టుకొద్దామనుకున్నాను. మూడో వారానికి అన్నయ్య ఇంటి కప్పు మీద ఎవరో నడుస్తున్నారనసాగాడు. మిరప కల్లంలో లేచే ఎర్రటి దుమ్ము తనకోసమే పంపుతున్నారన్నాడు. మాత్రలు తప్పకుండా వేస్తున్నాను కదా, ఎందుకిలా అయిందని వదిన నన్నే అడిగింది. నేను మొహం తిప్పుకుని, గుంటూరు తీసుకుపోవలసింది పోయి, పొట్లాల సంఖ్య పెంచాను. మందు చాలడం లేదేమో అనుకున్నాను. అది మందే కాదన్న ఆలోచన రానివ్వలేదు.

ఒక ఉదయం కల్లంలో ఎండబోసిన మిరపకాయలు తిరగేస్తున్న అన్నయ్యకు అమ్మ మజ్జిగ తీసుకెళ్లింది. అందులో విషం కలిపిందని అతను ఆమెను తోసేశాడు. అమ్మ గట్టు రాయి మీద పడింది. తుంటి ఎముక విరిగింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి అన్నయ్య మిరపకాయల మధ్య కూలబడి, కారం అంటిన చేతులతో కళ్లు నులుముకుంటూ, ఆ మంటకు ఏడుస్తూ, అమ్మను ఎవరు కొట్టారని నన్ను అడుగుతున్నాడు.

గుంటూరులో డాక్టరుగారు మాత్రల సంగతి అడిగి, తర్వాత నావైపు చూసి, "గంజాయి గానీ తాగుతాడా?" అన్నారు.

"లేదండీ" అన్నాను.

వదిన పక్కనే ఉంది. పూట తప్పకుండా మాత్రలు వేశానని చెప్పింది. డాక్టరుగారు ఆ మాట నమ్మారో లేదో తెలియదు గాని, మందు మోతాదు బాగా పెంచారు. బంధువులు మాత్రం నమ్మలేదు. మాత్రలు ఎగ్గొట్టి మొగుణ్ణి ఇంత చేసిందని అమ్మ మంచం చుట్టూ చేరి అన్నారు. వదిన తండ్రి కబురు అందుకుని వచ్చాడు. భుజం మీద తువ్వాలు చేతిలోకి తీసుకుని, వాళ్లన్న మాటలన్నీ నిలబడి విని, కూతుర్ని వెంటబెట్టుకుపోయాడు. నేను వరండాలో స్తంభం పక్కన ఉన్నాను. నా పెళ్లికి ఇంకా తొమ్మిది రోజులుంది.

పెళ్లి జరిగింది. అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నాడు.

తర్వాత నేను ఇవ్వడం మానేసినా, అన్నయ్య తనంతట తాను బ్యారన్ల వెంట వెతుక్కోవడం మానలేదు. నేను అలవాటు చేసింది అంత తేలిగ్గా పోతుందా? ఏడాదిన్నరకు మళ్లీ జబ్బు ముదిరింది. ఈసారి డాక్టరుగారి గదిలోకి ఒంటరిగా వెళ్లి అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. అది తాగినప్పుడు కాసేపు హాయిగా ఉందని రోగులు చెప్పడం నిజమేననీ, వణుకుతో వేగలేక కొందరు దాని వైపు పోతారనీ, కానీ ఈ జబ్బున్న వాళ్లలో అది భ్రమల్ని ఎగదోసి, తగ్గిన జబ్బును తిరగబెడుతుందనీ చెప్పారు. "వణుకుతున్నాడని మీరు నాతో అంటే మాత్ర మార్చేవాణ్ణి గదయ్యా" అన్నారు. అంత చిన్న దారి ఉందని నాకు తెలియదు. అడగలేదు కాబట్టి తెలియదు.

ఆ ఆదివారమే పొదిలి వెళ్లాను. వదిన చేటలో కందులు బాగుచేస్తోంది. నేను చెప్పినంతసేపూ ఆమె చేతులు ఆగలేదు. అంతా అయ్యాక చేట పక్కన పెట్టి, "ఈ మాట మా నాన్న బతికుండగా చెప్పాల్సింది" అంది. ఆయన పోయి అప్పటికి నాలుగు నెలలు.

వారం తిరక్కుండా తనే బస్సెక్కి అన్నయ్య దగ్గరికి వచ్చింది. నా కోసం రాలేదు, నాతో మామూలుగా మాట్లాడటానికి చాలా ఏళ్లు పట్టింది. మాత్ర మార్చాక వణుకు తగ్గింది. తర్వాత నెలకో ఇంజెక్షను వచ్చింది. వదిన కాపలాతో గంజాయి మెల్లగా దూరమైంది. ఆ మాటలు పూర్తిగా పోలేదు గాని, అవి వినబడుతుండగానే అన్నయ్య మిరప కల్లంలో ఆడవాళ్ల పక్కన కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ ఇరవై ఏళ్లు బతికాడు. అమ్మ చివరిదాకా కర్ర పట్టుకునే నడిచింది. ఆమెకు మాత్రం చెప్పలేకపోయాను.

ఆ నూనెల సంగతి నాకు తెలియదు. గంజాయిలోంచి ఏదో ఒక పదార్థం విడదీసి డాక్టర్లు పరీక్షిస్తున్నారట, మంచిదే. అది వాళ్లు చెప్పాలి, నాలాంటి తమ్ముడు కాదు.

మా ఊళ్లో ఇప్పుడు బ్యారన్లు చాలావరకు పాడుబడ్డాయి. అప్పట్లో గుంటూరు వెళ్లిన సంగతి చుట్టాలకు తెలియకుండా, పత్తి పురుగుమందుకు వెళ్లామని చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు తల్లిదండ్రులు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ జబ్బు పేరు పైకే పలుకుతూ, డాక్టరు గది ముందు వరస కడుతున్నారు. వాళ్లను చూస్తే నాకు సంతోషం, దాని వెనకే కొంత అసూయ. అన్నయ్య జబ్బుకు సిగ్గుపడినన్నాళ్లూ, నేను చేసిన పనికి సిగ్గుపడాలని నాకు తోచలేదు. తోచి, ఇలా నలుగురికీ చెప్పుకునేసరికి, ఆ మాట వినాల్సినవాళ్లు చాలామంది వెళ్లిపోయారు.