ఒట్టు పెట్టని అంజనమ్మ

ఎమ్మిగనూరులో ఆ మగ్గాల వీధి పల్లంలో ఉంది. గట్టి వాన పడితే పై వీధుల నీళ్లన్నీ అక్కడికే దిగుతాయి. నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలు నిండిపోతాయి, పని ఆగిపోతుంది. గోనెగండ్ల నుంచి కోడలిగా వచ్చిన అంజనమ్మ చెంబుతో నీళ్లు తోడిపోస్తూనే నేత నేర్చుకుంది. చేయి చురుకు. నోరు అంతకంటే చురుకు. అందుకే ఆమెకు స్నేహాలు తక్కువ.

ఉన్న ఒక్క స్నేహం పక్కింటి హులిగమ్మతో. మొగుడు పోయిన మనిషి. ఆమె ఇంటి వెనక జాగాను కౌన్సిలరు అశోక్ మనిషి ఒకడు గోడ కట్టి కలిపేసుకున్నాడు. పంచాయితీ పెడితే అశోక్ తన మనిషి వైపే చెప్పినాడు. ఎదురు మాట్లాడిందని హులిగమ్మను అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టినాడు. ఎవరూ అడ్డం పోలేదు. ఆమె ఇంటికి తాళం వేసి ఆదోని పోయి, పత్తి మిల్లులో కూలికి చేరింది.

తర్వాతి మున్సిపల్ ఎన్నికల్లో అశోక్ మళ్లీ నిలబడినాడు. పోటీకి దిగింది మల్లేశ్వరి, చేనేత పింఛన్ల కోసం జనాన్ని వెంటబెట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి. ఆమె గెలవదని అందరికీ తెలుసు. వీధి ఓట్లు చీలకుండా పడితే వర్షాలకు ముందే కాలువ కట్టిస్తానని అశోక్ మాటిచ్చినాడు. వీధికంతా నూలిచ్చి నేయించుకునే షావుకారు హనుమంతరాయుడు అందరినీ చౌడమ్మ గుడి దగ్గరికి పిలిపించినాడు. మనమేమన్నా అల్లుణ్ణి వెతుకుతాండామా గుణం చూసేకి, పని చేయగలడా లేదా చూడండి అన్నాడు. జనం నవ్వినారు. ఒక్కొక్కరే కుంకుమ ముట్టి అశోక్‌కే వేస్తామని ఒట్టు పెట్టినారు.

అంజనమ్మ వంతు వచ్చింది. చేయి చాపలేదు.

"నేను పెట్టను మామా. హులిగమ్మను తిట్టిన నోటితోనే ఓటడుగుతాండాడు. ఆయప్పకు నేను వేయను."

"నీ ఒక్క ఓటుతో మల్లేశ్వరి గెలుస్తాదా?"

"గెలవదు. తెలుసు."

ఆమె మొగుడు వీరేశం చెవి దగ్గరికి వచ్చి బతిమాలినాడు. ఇప్పటికి ఒట్టు పెట్టు, లోపలికి పోయి నీ ఇష్టమొచ్చినదానికి గుద్దు, ఎవరు చూస్తారని. చౌడమ్మ కుంకుమ ముట్టి అబద్ధమాడేది నాతో కాదని ఆమె అందరికీ వినపడేలా అంది. వీరేశం తల దించుకొని వెళ్లిపోయినాడు.

ఆ ఇంటికి నూలు ఆగిపోయింది. కుళాయి దగ్గర ఆమె బిందెను ఎవరో ఒకరు పక్కకు తోసేవాళ్లు. పలకరింపులు పోయినాయి. వీరేశం వేరేవాళ్ల మగ్గం మీద కూలికి పోతూ, ఇంట్లో పెళ్లాంతో మాట మానేసినాడు. మానేసే ముందు ఒకటి అన్నాడు.

"నీ నీతికి నేనెందుకు పస్తుండాల?"



అశోక్ గెలిచినాడు. మల్లేశ్వరికి వచ్చిన ఓట్లు చూసి జనం నవ్వుకున్నారు. గెలిచినాక అశోక్ ఈ వైపు రాడని అంజనమ్మ అనుకుంది. వచ్చినాడు. వర్షాలకు ముందే వీధి పొడుగునా సిమెంటు కాలువ వచ్చింది. ఆ ఏడు ఎంత వాన పడినా ఏ గుంతలోకీ చుక్క నీరు రాలేదు, ఆమె గుంతలోకి కూడా. ఎవరి ఓట్లతో నీ గుంత ఆరింది అని ఆడవాళ్లు ఆమె గడప ముందే నిలబడి అడిగినారు. మాట నిజమే. అందుకే ఎక్కువ మండింది.

వీధిలో ఎవరిదో పెళ్లికని హులిగమ్మ ఆదోని నుంచి వచ్చింది. ఈమె ఒక్కతైనా తన పక్క ఉంటుందని అంజనమ్మ ఎదురుపోయి ఇంటికి పిలుచుకొచ్చింది. హులిగమ్మ మొహం గట్టిగా పెట్టుకొని ఉంది.

"నా పేరు చెప్పి కొట్లాడమని నిన్నెవరు అడిగినారక్కా? నా పింఛను ఆదోనికి మార్పించింది ఆయప్పనే. నేనీడ ఉంటే ఆయప్పకే వేసేదాన్ని. మానిపోయిందాన్ని మళ్లీ అందరి నోట్లో పెట్టినావు."

అంజనమ్మ మంచినీళ్ల చెంబు ఆమె ముందు పెట్టింది.

"నీకు మానిపోయింటే మంచిదే. ఆ మాటలు నేనూ విన్నా. నాకు మానలేదు."

హులిగమ్మ మంచినీళ్లు కూడా ముట్టకుండా లేచి వెళ్లిపోయింది.

ఇక ఈ వీధిలో సాయం అడగడానికి ఎవరూ మిగల్లేదు. అంజనమ్మ ఊరి అవతలి షావుకారు దగ్గరికి పోయి, తక్కువ కూలికే ఒప్పుకొని నూలు తెచ్చుకుంది. మగ్గానికెక్కించే ముందు పడుగు నూలును పొడుగ్గా సాగదీయాలంటే ఇద్దరు కావాలి. ఒక కొస గుంజకు కట్టి, రెండో కొస పట్టుకొని ఆమె ఒక్కతే తిప్పలు పడుతూ ఉంటే వీరేశం కాసేపు చూసినాడు. తర్వాత లేచి వచ్చి, మొహం గోడవైపు తిప్పుకొని కొస పట్టుకున్నాడు. పని అయిపోయేదాకా వదల్లేదు.

"వచ్చే ఎన్నికలకన్నా నోరు మూసుకో" అన్నాడు వదిలేస్తూ.

"ఎవరు నిలబడతారో చూసి చెప్తా" అని ఆమె గుంతలోకి దిగింది.