నత్తలకు తగిలిన దిష్టి

ఐదో తరగతి చదివే మా బిడ్డ నత్తల్ని పెంచుతానన్న రోజు నేను చీపురు పట్టుకుని నిలబడ్డాను. వానాకాలం, ఇబ్రహీంపట్నంలో మా ప్రహరీగోడ మీద ఎక్కడ చూసినా అవే. నేను ఊడ్చిపారేద్దామనుకున్నవాటిని అది ఏరుకొచ్చి, ప్లాస్టిక్ టబ్బులో మట్టి పోసి, మూతకు చిల్లులు పెట్టి, వరండాలో కాపురం పెట్టించింది. "ఇది ఇల్లా, చెరువుగట్టా?" అని అరిచాను. మా అత్తమ్మ మాత్రం మనవరాలి పక్కన చేరి, "ఉండనియ్యే! జర చూడు, కొమ్ములెట్ల చాపుతున్నయో" అని మురిసిపోయింది. ఇక నా మాట ఎవరు వింటారు?

వారం తిరక్కుండా నేనూ వాటి వలలో పడ్డాను. కీరా ముక్క వేస్తే చుట్టూ చేరి తినేవి. చెవి పెట్టి వింటే సన్నగా కరకరమని చప్పుడు. నా చాయ్ చల్లారిపోయేది.

అంతలో చావులు మొదలయ్యాయి. పొద్దున్నే మూత తీస్తే ఒకటి నురగ కక్కి ముడుచుకుపోయి ఉండేది. బిడ్డ ఏడుస్తూ దాన్ని జామచెట్టు కింద పాతిపెట్టేది. కొన్నాళ్లకు మరొకటి. నేను ముందు పాలకూరను అనుమానించాను. "మందు కొట్టిన ఆకు అమ్ముతున్నవా?" అని కూరగాయల బండి ఆమెతో కొట్లాటకు దిగితే, "గదే పప్పుల ఏసుకుని తిన్నవ్ కదక్కా, మంచిగనే ఉన్నవ్!" అంది. ఇంటికొచ్చి నల్లా నీళ్లు మాన్పించి బోరు నీళ్లు చల్లాను. అయినా ఆగలేదు.

అత్తమ్మ మాత్రం ఎప్పుడో తేల్చేసింది. కోస్తా నుంచి వచ్చి పక్కింట్లో స్థిరపడ్డ ఆవిడ మా వరండాలోకి వచ్చి, "అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నాయండీ!" అన్నప్పుడల్లా తెల్లారేసరికి ఒక నత్త పోతోందట. "నరుని కంటికి నల్లరాయి పలుగుతది. ఆమె మనసు మంచిదే, కండ్లే మంచిగ లెవ్వు" అంది. దిష్టీ లేదు, గిష్టీ లేదని కసురుకున్నాను. కానీ ఆలోచిస్తే అచ్చం అలాగే జరుగుతోంది! ఆవిడ రాని వారమంతా అన్నీ క్షేమం. నాకే గుబులు పట్టుకుంది. ఆవిడ గేటు తీసిన చప్పుడైతే బిడ్డ టబ్బు మీద తువ్వాలు కప్పడం మొదలుపెట్టింది.

చివరికి పెద్ద నత్త ఒక్కటే మిగిలింది. అన్నిటికన్నా ముందు తెచ్చినది అదే. బిడ్డ చెయ్యి పెడితే బెదరకుండా ఎక్కేది. "ఇది సుత పోతే నేనింక ఏదీ పెంచనమ్మా" అంది.

ఆ సాయంత్రం పక్కింటావిడ గోంగూర పచ్చడి ఇవ్వడానికి వచ్చి, తువ్వాలు జారిపోయిన టబ్బులోకి చూసి, "అబ్బ, ఎంత పెద్దదైందండీ!" అనేసింది. అయిపోయింది అనుకున్నాను. ఈసారి ఏం జరుగుతుందో కళ్లారా చూడాలని, ఆవిడ వెళ్లాక బిడ్డా నేనూ తలుపు వెనక నక్కాం.

దీపం పెట్టే వేళకు అత్తమ్మ వచ్చింది. గుప్పిట్లో దొడ్డుప్పు. మూత తీసి పక్కన పెట్టి, టబ్బు మీద చెయ్యి తిప్పుతూ, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఇంటి దిష్టి..." అని గొణుగుతోంది. నేను కసురుకుంటానని ఇన్నాళ్లూ చాటుగా తీస్తోందన్నమాట! కీళ్లనొప్పులతో ఆమె వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. సందుల్లోంచి ఉప్పు టబ్బులోకి రాలుతోంది.

"నానమ్మా, ఉప్పు!" అని బిడ్డ ఒక్క ఉరుకున వెళ్లి నత్తను తీసుకుని నల్లా కింద పట్టింది. అప్పటికే అది నురగ కక్కుతోంది. నేను అత్తమ్మ మీద విరుచుకుపడ్డాను.

"మూతెందుకు తీసినవ్ అత్తమ్మా?"

"మూత మీదికెల్లి తీస్తే దిష్టి మూతకే పోతది కదనే!"

ఉప్పు తగిలితే నత్త ఒంట్లో నీరంతా ఊడ్చుకుపోతుందని చెప్పాను. ఆమె గుప్పిలి విప్పి చూసుకుంది. "అంటే... అన్నిటినీ నేనే సంపిన్నా?" అంది. నా కోపమంతా దిగిపోయింది. బిడ్డ తడిచేతులతోనే వచ్చి ఆమెను చుట్టేసుకుంది. "నీ మనసు మంచిదే నానమ్మా. ఉప్పే మంచిది కాదు."

మట్టి మార్చాం. నత్త గుల్లలోంచి బయటికి రాలేదు. అత్తమ్మ టబ్బు పక్కనే పీట వేసుకుంది. అన్నం కూడా అక్కడే. ఒక పొద్దున, "ఓ కోడలా, కొమ్ము చాపిందే!" అని ఆమె వేసిన కేకకు నా చేతిలో పాలగిన్నె జారిపోయింది. పోతే పోయాయి పాలు. ముగ్గురం టబ్బు చుట్టూ కూర్చుని చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టాం.

తర్వాత ఆ నత్తే, మిగతావి బతికుండగా ఎప్పుడు జతకట్టిందో, మట్టిలో సగ్గుబియ్యంలాంటి గుడ్లు పెట్టింది. వాటిలోంచి పెసరగింజలంత పిల్లలు! అత్తమ్మే గేటు దగ్గర నిలబడి పక్కింటావిడను కేకేసింది. "రా అమ్మా, కండ్లనిండ చూడు!" జరిగిందేదీ తెలియని ఆవిడ పరుగున వచ్చి, "అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నాయండీ!" అంది. మేం పకపకా నవ్వాం. ఎందుకో తెలియకపోయినా ఆవిడా నవ్వింది.

అత్తమ్మ అలవాటుగా గుప్పిలి బిగించింది. బిడ్డ గబగబా ఆ వేళ్లు విడదీసి చూసింది. ఏమీ లేదు. అత్తమ్మ ఆ ఉత్త గుప్పిలినే పిల్లల మీద తిప్పింది. "ఇరుగు దిష్టి, ఇంటి దిష్టి..." పొరుగు దిష్టిని దాటేసి, ఆవిడ వైపు చూసి నవ్వి, చివర ఒకటి కలిపింది. "ముసల్దాని ఉప్పు దిష్టి, థూ, థూ, థూ!"