వేయని సూది

సిరుగుప్ప దగ్గర కాలవ కింద వరి పండించే ఇంట్లో పుట్టింది ఝాన్సీలక్ష్మి. ఆ ఇంట్లో డాక్టరు చదివింది ఆమె ఒక్కతే. తండ్రి చిన్నప్పుడే పోతే చిన్నాయన రామసుబ్బా ఆమె చదువు తన మీద వేసుకున్నాడు. హాస్టలుకు బియ్యం మూట భుజాన పెట్టుకుని బస్సు దిగి వచ్చేవాడు, ఆమె తిన్నదా లేదా అడిగి, మరుబస్సుకే వెనక్కి పోయేవాడు. చదువయ్యాక ఆమె బళ్ళారిలో కంటోన్మెంటు పక్కన ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో క్యాజువాలిటీ డాక్టరుగా చేరింది.

చేరిన కొత్తలో ఎక్కువగా వచ్చేవి పాము కాట్లు, పురుగుమందు తాగిన కేసులు. తర్వాత ఇనుపరాయికి గిరాకీ లేచింది. హొసపేట రోడ్డు మీద ఆ రాయి మోసే ఓర్ లారీలు ఒకదాని వెనక ఒకటి, పగలనక రాత్రనక. రోడ్డు పక్కన వేపచెట్లు దుమ్ముకు ఆకు తెలియకుండా ఎర్రబారాయి. డ్రైవర్లు నిద్ర లేకుండా ట్రిప్పు మీద ట్రిప్పు కొట్టేవాళ్ళు. తల పగిలిన మనిషి రాని రోజు ఆసుపత్రికి లేకుండా పోయింది. రామసుబ్బా కూడా పొలం కౌలుకిచ్చి టిప్పర్లు కొన్నాడు.

తల దెబ్బకు ఆ ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉండేది. పెద్ద సర్జన్ సిద్దప్ప సారు పెట్టిన పద్ధతి అది. మనిషిని మంచం మీద పడుకోబెట్టగానే స్టెరాయిడ్ సూది వేయాలి. దెబ్బ తగిలిన మెదడు వాస్తుంది, స్టెరాయిడ్ వాపు తీస్తుంది. వినడానికి ఎంత సబబుగా ఉందంటే, అనుమానించాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. ఝాన్సీలక్ష్మి కాలేజీలో నేర్చుకున్నదీ అదే.

ఒకసారి రామసుబ్బా దగ్గర టిప్పరు తోలే నారప బండి బోల్తా కొట్టి, తెలివి లేకుండా వచ్చాడు. ఆ సూది ఆమె తన చేత్తోనే వేసింది. కొన్నాళ్ళకు నారప లేచి నడిచాడు. పెండ్లాం పిల్లలను వెంటబెట్టుకుని, అరటిపండ్ల గెల తెచ్చి, ఆమె కాళ్ళకు మొక్కబోయాడు. మా పాప ఒక్క సూదితో మనిషిని లేపిందని రామసుబ్బా కంప్లి దాకా చెప్పుకున్నాడు. ఆమెకూ లోపల సంతోషంగానే ఉండేది.

రెండువేల నాలుగు చివర్లో ఆమె ఒక విదేశీ వైద్యపత్రికలో ఒక వ్యాసం చదివింది. తల దెబ్బ తిన్న పదివేల మంది మీద, చాలా దేశాల్లో చేసిన పరీక్ష అది. వచ్చినవాళ్ళను చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు స్టెరాయిడ్ ఇచ్చారు, ఇంకో గుంపుకు చూడ్డానికి అలాగే ఉండే మందు లేని వట్టి సూది ఇచ్చారు. ఎవరికి ఏది పడిందో వేసే డాక్టరుకు కూడా తెలియదు. రెండు వారాల్లో, స్టెరాయిడ్ పడిన ప్రతి నూరు మందిలో ఇరవై ఒకరు పోయారు. పడనివాళ్ళలో నూటికి పద్దెనిమిది మంది పోయారు. కొనసాగించడం తప్పని పరీక్షను మధ్యలోనే ఆపేశారు.

ముందు ఆమె నమ్మలేదు. వాళ్ళ మనుషులు వేరు, మన రోడ్లు వేరు అనుకుంది. చూస్తే అందులో మన దేశపు ఆసుపత్రులు కూడా ఉన్నాయి. తర్వాత ఆమె తన అనుభవాన్ని తానే తిరగేసి చూసుకుంది. బతికినవాళ్ళు పండ్లు తెచ్చి కనపడి పోయారు. పోయినవాళ్ళను గుడ్డ చుట్టి జీపుల్లో వాళ్ళ ఊళ్ళకు పంపించేశారు. బతికితే సూది బతికించిందనుకుంది, పోతే దెబ్బ చంపిందనుకుంది. రెండు లెక్కలూ సూది వైపే రాసుకుంది. నూటికి ముగ్గురు ఎక్కువ పోవడం అనేది ఒక్క డాక్టరు కంటికి ఎన్నేళ్ళు చూసినా ఆనదు. వేలమందిని కలిపి చూస్తేగాని బయటపడని సంగతి అది. ఆ మాట మనసుకు పట్టాక ఆమెకు చాలా రోజులు అన్నం సయించలేదు.

వ్యాసం తీసుకుపోయి సిద్దప్ప సారు ముందు పెట్టింది. ఆయన కోప్పడతాడనుకుంది. ఆయన తన చేతుల మీద బతికినవాళ్ళ పేర్లు కొన్ని చెప్పాడు, కాగితాల మీద వైద్యం నేర్చుకునే కాలం వచ్చిందన్నాడు, అయినా ఆ వ్యాసం తీసి జేబులో పెట్టుకున్నాడు. వారం పాటు ఆ ఊసు ఎత్తలేదు. తర్వాత ఒక సాయంత్రం క్యాజువాలిటీకి వచ్చి నిలబడ్డాడు.

"నూటికి ముగ్గురు గదమ్మా?"

"అవును సార్."

"ముప్పై ఏండ్లు వేసినాను," అన్నాడు.

తలదెబ్బ కేసులకు ఇక స్టెరాయిడ్ వద్దని, ఊపిరి, రక్తపోటు తగ్గకుండా చూసుకోవడం మీదే దృష్టి పెట్టాలని మరునాడు సిస్టర్లందరినీ పిలిచి చెప్పాడు.

ఏడాది గడిచింది. ఒక మధ్యాహ్నం సండూరు వైపు నుంచి వచ్చిన జీపులో విక్రమ్‌ను దించారు. విక్రమ్ రామసుబ్బా ఒక్కగానొక్క కొడుకు, తండ్రి టిప్పర్లను చూసుకుంటూ రోడ్డు మీదే తిరిగే పిల్లవాడు. బైకు మీద పోతుంటే రివర్సులో వెనక్కి వస్తున్న లారీ కొట్టేసింది. ఝాన్సీలక్ష్మి ముందు చెవిలోంచి కారే రక్తం చూసింది, తర్వాత ముఖం చూసింది. గొంతులో గొట్టం వేసి ఊపిరి నిలబెట్టింది. సిద్దప్ప సారును పిలిపించి, కేసు మీరే చూడండి సార్ అని అడిగింది. స్కాన్ తీస్తే మెదడంతా వాచి ఉంది, కోసి తీయడానికి నెత్తుటి గడ్డ ఏదీ లేదు. సిద్దప్ప సారు బెంగుళూరు పెద్ద డాక్టరుతో ఫోనులో మాట్లాడాడు. ఆయన కూడా ఆపరేషనుతో లాభం లేదన్నాడు, అంత దూరం కదిలించవద్దన్నాడు.

రామసుబ్బా వచ్చేసరికి కొడుకు ఐసీయూలో ఉన్నాడు. ఆయన నేరుగా ఆమె దగ్గరికి వచ్చాడు.

"సూది ఏసినావా పాపా?"

ఆమె లేదంది.

"నారపకి ఏసినావు గదా. నా కొడుక్కి ఏంటికి ఎయ్యవు?"

"అది మేలు చేయదని తెలిసిపోయినాది చిన్నాయనా. చేటు చేస్తాదని తెలిసినాది."

"నారప బతికుండాడు. నా కండ్ల ముందర తిరుగుతాండాడు."

"సూది వల్ల బతికినాడని నేనూ అనుకున్యా. వాడు సూది ఏసినా బతికినాడు, అంతే."

ఆ మాట ఆయనకు ఎక్కలేదు. ఎక్కే సమయమూ కాదు. చేతులు జోడించాడు. బియ్యం మూట మోసిన ఆ చేతులు తన ముందు జోడించి ఉండడం ఆమె చూడలేకపోయింది, పక్కగదిలోకి వెళ్ళి గోడకు ఆనుకుంది. వెనకే సిద్దప్ప సారు వచ్చాడు. వాళ్ళ మనసు నిలవడానికి ఒక్క డోసు వేసినా తాను తప్పు పట్టనని మెల్లగా అన్నాడు. వేయడం ఎంత సులువో ఆమెకు తెలుసు. వేస్తే చిన్నాయన జన్మంతా ఆమెను దీవిస్తాడు, పిల్లవాడు పోయినా చేయాల్సిందంతా చేసిందంటాడు. కానీ ఆ మందు పడేది చిన్నాయన మనసులో కాదు, తమ్ముడి ఒంట్లో. వద్దు సార్ అంది. ఆయన తల ఊపి ఐసీయూలోకి వెళ్ళాడు.

తెలిసిన వైద్యం ఏదీ వాళ్ళు తక్కువ చేయలేదు. అయినా రెండు రోజులకు, పొద్దు ఎక్కుతుండగా, విక్రమ్ పోయాడు.

సిరుగుప్పలో చావు దగ్గర ఝాన్సీలక్ష్మిని ఎవరూ పలకరించలేదు. సొంత తమ్ముడికి సూది వేయడానికి చేయి రాలేదని రామసుబ్బా అందరి ముందరా అన్నాడు. వేయవద్దన్న నిర్ణయం తనది కూడా అని సిద్దప్ప సారు ఆయన ఇంటికి పోయి చెప్పాడు. రామసుబ్బా ఆయనకు కుర్చీ వేయించాడు, మాట మాత్రం మార్చుకోలేదు.

ఆ తర్వాత ఆమె డ్యూటీకి వెళ్తూనే ఉంది. తల దెబ్బతో వచ్చిన ప్రతి మనిషి దగ్గరా ఒక ప్రశ్న ఆమెను పట్టుకునేది. వేసి ఉంటే? ఆ పరీక్ష వేలమంది సంగతి చెప్పింది, విక్రమ్ సంగతి చెప్పలేదు. స్టెరాయిడ్ పడినవాళ్ళలోనూ ఎక్కువమంది బతికారు గదా, వాడు వాళ్ళలో ఒకడై ఉండేవాడేమో. వేస్తే అదే పొద్దున పోయేవాడేమో. ఏ వ్యాసంలోనూ దానికి జవాబు లేదు, ఉండబోదు కూడా. ఒకే మనిషిని రెండు దారుల్లో పంపి చూడడం ఎవరి వల్లా కాదు. తెలియని చోట, ఎక్కువమందికి ఏది మేలని తేలిందో దాన్ని ఎంచుకోవడం ఒకటే డాక్టరు చేయగలిగింది. ఇది ఆమెకు బాగా అర్థమైంది. అర్థం కావడం వల్ల దుఃఖమేమీ తగ్గలేదు.

సంవత్సరీకం దాటిన కొన్నాళ్ళకు రామలక్ష్మమ్మ, అంటే విక్రమ్ తల్లి, ఒక్కతే బస్సెక్కి ఆసుపత్రికి వచ్చింది. ఓపీలో అందరూ పోయేదాకా బెంచీ మీద కూర్చుని, అప్పుడు లోపలికి వచ్చింది.

"ఒకటే అడగల్లని వచ్చినా. సూది ఏసింటే బతికుండునా?"

ఝాన్సీలక్ష్మి ఆమె ముఖంలోకి చూసింది. బతికేవాడు కాదు చిన్నమ్మా అని చెప్పేస్తే ఇద్దరికీ తేలికయ్యేది.

"తెలీదు చిన్నమ్మా. బతికేటోడని గానీ పోయేటోడని గానీ ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. నాకు తెలిసినంతలో వానికి ఏది మంచిదో అదే చేసినా. నా కడుపున పుట్టినోడైనా అదే చేసుందును."

రామలక్ష్మమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఏసింటే బతికేటోడని మీ చిన్నాయన అంటాడు. రాసిపెట్టిందని ఊర్లోవాళ్ళు అంటారు. తెలీదని నువ్వొక్కదానివే చెప్పినావు," అంది.

కొంగుతో ముఖం తుడుచుకుంది. కొడుకు పోయినప్పటి నుంచి బీపీ మాత్రలు మానేశానని, పొద్దున లేస్తే కండ్లు తిరుగుతున్నాయని చెప్పింది. ఇంకో డాక్టరు దగ్గరికి పోవాలనిపించలేదంది. ఝాన్సీలక్ష్మి ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టి చూసింది. చాలా ఎక్కువగా ఉంది.

"మాత్రలు ఏసుకుంటే ఏమీ కాదా?" అని అడిగింది రామలక్ష్మమ్మ.

"ఏమీ కాదని మాటియ్యలేను చిన్నమ్మా. ఏసుకోనోళ్ళ కంటే ఏసుకున్నోళ్ళకి పక్షవాతం తక్కువ వస్తాది. అది మాత్రం గట్టిగా తెలుసు."

"సరే, రాసియ్యి," అంది రామలక్ష్మమ్మ.

రామసుబ్బా ఝాన్సీలక్ష్మితో మళ్ళీ ఎన్నడూ మాట్లాడలేదు. రామలక్ష్మమ్మ మాత్రం నెలకోసారి వచ్చి, పట్టీ కోసం చేయి చాపి, కాసేపు కూర్చుని పోయేది.